తాతల నాటి జ్ఞానస్నాన వస్త్రం: వయసునూ బట్టనూ గుర్తించడం ఎలా?



జ్ఞానస్నానం పొందిన బిడ్డకు తెల్లని వస్త్రం తొడగడం శ్రీసభలో తొలి శతాబ్దాల నుంచి వస్తున్న ఆచారం. జ్ఞానస్నానం పొందినవారు క్రీస్తునే ధరించుకున్నారని పునీత పౌలుగారు గలతీయులకు వ్రాసిన లేఖ మూడవ అధ్యాయంలో బోధించారు. ఆ బోధనకు కంటికి కనిపించే గుర్తు ఈ వస్త్రం. పూర్వం పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం పొందినవారు వారం రోజులపాటు తెల్లబట్టలతోనే ఉండేవారు. 1969లో ప్రకటించిన శిశు జ్ఞానస్నాన క్రమం, ఈ వస్త్రాన్ని కుటుంబంవారే తీసుకురావడం మంచిదని సూచిస్తుంది.

ఆ వస్త్రం అర్థాన్ని గురించి మీరు ప్రసంగాల్లో విన్నారు. ఈ వారం పాఠం వస్త్రాన్ని గురించే. ఐర్లాండు, ఇంగ్లండు, స్కాట్లండు వంటి దేశాల్లో ఒకే తెల్ల గౌనును మూడు నాలుగు తరాల బిడ్డలకు తొడిగిన కుటుంబాలు అనేకం. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు అలాంటి గౌను బహుమతిగానో, పాత వస్తువుల దుకాణంలోనో దొరకవచ్చు. ఇక్కడ మన ఇళ్లలో కూడా ట్రంకుపెట్టె అడుగున అమ్మమ్మ దాచిన లేసు గౌను ఒకటి ఉండవచ్చు.

అటువంటి వస్త్రం చేతికి వచ్చినప్పుడు సాధారణంగా రెండు పొరపాట్లు జరుగుతాయి. పచ్చబడిందని బ్లీచింగ్ పౌడరు నీళ్లలో నానబెడతారు. లేదా "ఇది నూటయాభై ఏళ్ల నాటిది" అని నోటికి వచ్చిన లెక్క చెబుతారు. మొదటిది బట్టను పాడుచేస్తుంది, రెండవది జ్ఞాపకాన్ని పాడుచేస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. వెనుకటి రోజుల్లో పుట్టిన బిడ్డలందరూ దక్కేవారు కారు. జ్ఞానస్నానం పొందిన కొద్ది రోజులకే కన్నుమూసిన బిడ్డకు ఫోటో ఉండకపోవచ్చు, సమాధి మీద పేరు కూడా మిగలకపోవచ్చు. విచారణ పుస్తకంలో ఒక వరుస, పెట్టెలో ఒక గౌను, ఇంతే మిగులుతుంది. ఆ గౌనును సరిగా చదవడం నేర్చుకుంటే ఆ బిడ్డ జ్ఞాపకాన్ని మర్యాదగా నిలిపినవారమవుతాం.

ముందుగా ఒక సూత్రం

ఈ పాఠమంతటికీ ఆధారం ఒక్క మాట: ఉన్నది సాక్ష్యం చెబుతుంది, లేనిది చెప్పదు.

గౌనులో నైలాన్ దారం ఉందనుకోండి. నైలాన్ లోకానికి తెలిసింది 1938లో. కనుక ఆ దారం వేసిన కుట్టు అంతకు ముందుది కాదని ధైర్యంగా చెప్పవచ్చు. కాని గౌను అంతా చేతికుట్టే, మిషను కుట్టు ఎక్కడా లేదనుకోండి. అంతమాత్రాన అది కుట్టుమిషను రాకముందుదని చెప్పడానికి వీల్లేదు. పసిబిడ్డల బట్టలను చేత్తో కుట్టడం మిషను వచ్చిన తర్వాత కూడా చాలా కాలం సాగింది. నేటికీ కుట్టేవారున్నారు.

కాబట్టి గౌనులో అన్నిటికంటే కొత్త భాగం ఏదో వెతకాలి. ఆ భాగం మొదటి నుంచీ ఉన్నదా, తర్వాత కలిపినదా అని విచారించాలి. పాత భాగాన్ని చూసి మురిసిపోవడం తేలిక. వయసు తేల్చేది మాత్రం కొత్త భాగమే.

1. చూసే పద్ధతి

చేతులు కడిగి ఆరబెట్టుకోండి. గాజులు, ఉంగరాలు తీసివేయండి. బల్ల మీద ఉతికిన దుప్పటి పరచి, పగటి వెలుతురులో గౌనును దాని మీద పెట్టండి. ఒక భూతద్దం, ఒక కొలత టేపు, పెన్సిలు, కాగితం దగ్గర ఉంచుకోండి. పెన్ను వద్దు, సిరా మరక పోదు. ముందువైపు, వెనుకవైపు చూశాక మెల్లగా లోపలివైపు తిప్పండి. పైభాగం అందం చూపిస్తుంది, లోపలి భాగం నిజం చెబుతుంది.

2. బట్ట ఏది?

పాత జ్ఞానస్నాన గౌన్లలో ఎక్కువగా కనిపించేవి నూలు, నార, పట్టు. నూలులో పలుచని మస్లిన్, లాన్ రకాలు సామాన్యం. నార అంటే అవిసె మొక్క నుంచి తీసినది. కేంబ్రిక్ అనే పేరు వినగానే నూలు అనుకోకండి. ఫ్రాన్సులోని కాంబ్రై పట్టణం పేరు మీద వచ్చిన ఆ బట్ట మొదట నారతోనే నేసేవారు, తర్వాత నూలుతోనూ నేశారు. పేరును బట్టి కాక పోగును బట్టి నిర్ణయించాలి.

నార చేతికి చల్లగా తగులుతుంది. దాని పోగుల్లో అక్కడక్కడా లావు ముడులు కనిపిస్తాయి. నూలు పోగు మరింత సమంగా, మెత్తగా ఉంటుంది. ఊడి వేలాడుతున్న పోగును తుంచి చూస్తే నూలు కొస దూదిలా చిట్లుతుంది, నార కొస తిన్నగా మొనదేలి ఉంటుంది. పట్టుకు తనదైన మెరుపు, జారుడు ఉంటాయి. కృత్రిమ పట్టు కూడా మెరుస్తుంది. కాని అది ఇంగ్లండులో వ్యాపార స్థాయిలో తయారైంది 1905 నుంచి, బట్టల్లో విరివిగా వాడుకలోకి వచ్చింది మొదటి ప్రపంచయుద్ధం తర్వాత.

నైలాన్ బట్టల్లోకి విస్తారంగా వచ్చింది 1945 తర్వాత. మనం టెరిలిన్ అని పిలిచిన పాలియెస్టరును ఇంగ్లండులో కనుగొన్నది 1941లో, అది దుస్తులుగా అమ్మకానికి వచ్చింది 1950లలో.

అనుమానం తీరకపోతే పోగును కాల్చి చూసే పద్ధతి ఉంది. పెద్దవారే చేయాలి. స్టీలు పళ్లెం మీద, పక్కన నీళ్లు పెట్టుకొని, పోగును పట్టకారుతో పట్టుకోవాలి. నూలు, నార, కృత్రిమ పట్టు మూడూ కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద అవుతాయి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, దాని మసి వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. నైలాన్, పాలియెస్టరు కరిగి గట్టి పూసలా బిగుసుకుంటాయి. లోపలి కుట్టు అంచున ఊడిన పోగు ఉంటేనే ఈ పని చేయండి. పరీక్ష కోసం మంచి బట్టలోంచి పోగు లాగవద్దు.

3. కుట్టు ఏమి చెబుతుంది?

కుట్టుమిషన్లు 1850లలో అమ్మకానికి వచ్చి, 1860ల నుంచి ఇళ్లలోనూ దర్జీ దుకాణాల్లోనూ వ్యాపించాయి. మిషను కుట్టు రెండు వైపులా ఒకే కొలతతో తీగలా సాగుతుంది. చేతికుట్టు ఎంత నేర్పుగా వేసినా భూతద్దం కింద స్వల్ప తేడాలు కనిపిస్తాయి. గౌను ప్రధానమైన అతుకులు మిషనుతో కుట్టినవైతే అది 1850లకు ముందుది కాదు.

లోపలి అంచులు చూడండి. బట్ట అంచు పోగులు ఊడకుండా మూడు నాలుగు దారాలతో చుట్టివేసే ఓవర్‌లాక్ కుట్టు ఉంటే అది ఫ్యాక్టరీ పద్ధతి. ఉతికే విధానం తెలిపే తొట్టి, ఇస్త్రీపెట్టె బొమ్మల చీటీ ఉంటే అది 1960ల తర్వాతి గౌను. పాతవాటిలో అంచును లోపలికి మడిచి, మళ్లీ మడిచి, దాచి కుట్టేవారు.

4. లేసు, కుట్టుపని

19వ శతాబ్ది తొలి సగంలో పేరుపొందిన జ్ఞానస్నాన గౌన్లు స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతానివి. తెల్ల మస్లిన్ మీద తెల్ల నూలుదారంతో పువ్వులు కుట్టి, పువ్వు నడుమ బట్టను కత్తిరించి, ఆ చిన్న రంధ్రంలో సూదితో సాలెగూడు వంటి అల్లిక నింపేవారు. గౌను ముందుభాగంలో పైనుంచి కిందికి వెడల్పయ్యే త్రికోణపు పట్టీ ఉండేది. 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధం వల్ల నూలు సరఫరా తగ్గడం, స్విట్జర్లండు మిషను ఎంబ్రాయిడరీ చవకగా రావడంతో ఆ పని క్షీణించింది. మిషను ఎంబ్రాయిడరీలో ప్రతి పువ్వూ అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉంటుంది. చేతిపనిలో ఏ రెండు పువ్వులూ సరిగ్గా ఒకటి కావు.

లేసు విషయానికి వస్తే, నెట్ బట్టను మిషను మీద నేసే పద్ధతికి ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ 1809లో పేటెంటు పొందారు. కనుక "మిషను లేసు అంటే నిన్నటిది" అనుకోవడం పొరపాటు. మిషను నెట్ మీద చేత్తో పువ్వులు కుట్టిన లేసులు ఐర్లాండులో అనేకం. లిమరిక్, కారిక్‌మాక్రాస్ లేసులు అలాంటివే. 1880ల నుంచి మరొక రకం వచ్చింది: ఒక బట్ట మీద మిషనుతో దట్టంగా కుట్టి, తర్వాత ఆ బట్టను రసాయనంతో కరిగించి కుట్టును మాత్రమే లేసుగా మిగల్చడం. భూతద్దంలో దాని అంచులు నూగు నూగుగా కనిపిస్తాయి.

ఐర్లాండు లేసు వెనుక మఠకన్యల సేవ ఉంది. 1845లో మొదలైన బంగాళాదుంప కరువులో కుటుంబాలు తిండిలేక మాడిపోతున్నప్పుడు, కార్క్ ప్రాంతంలో ఉర్సులా సభ కన్యలు క్రోషా అల్లిక నేర్పారు. యోల్ పట్టణంలో ప్రెజెంటేషన్ సభ కన్య ఒకరు పాత ఇటలీ లేసు ముక్కను ఒక్కొక్క పోగే విప్పి, ఆ పని రహస్యం తెలుసుకొని ఆడపిల్లలకు నేర్పారు. ఆ అల్లిక కూలి కొన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించింది. జ్ఞానస్నాన గౌను అంచున ఐరిష్ లేసు కనిపిస్తే, ఆకలి కాలంలో బతుకుతెరువైన పని అదని గుర్తుంచుకోండి.

ఇటువంటి కథ మన గోదావరి తీరానికీ ఉంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన క్రోషా అల్లిక నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో వేలాది స్త్రీల చేతిపని అయింది. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడొక మెలకువ ఉంది. అసలైన క్రోషా అల్లికను మిషను చేయలేదు, ప్రతి ముడినీ కొక్కెపు సూదితో చేత్తోనే లాగాలి. కనుక క్రోషా లేసు చూడగానే చేతిపని అని చెప్పవచ్చు. పాతది అని మాత్రం చెప్పలేము. నిన్న అల్లినదీ చేతిపనే, నూరేళ్ల కిందట అల్లినదీ చేతిపనే. చేతిపని కావడం వయసుకు రుజువు కాదు.

5. ఆకారం, కొలత

మెడ నుంచి అంచు దాకా కొలవండి. 19వ శతాబ్దపు గౌన్లు చాలా పొడవు, మీటరు దాటినవి సామాన్యం. ఎత్తుకున్న చేతుల మీదుగా కిందికి జాలువారేవి. 20వ శతాబ్దం సాగేకొద్దీ పొడవు తగ్గుతూ వచ్చింది. పాతవాటిలో మెడ వెడల్పుగా, చేతులు పొట్టిగా ఉండి, వెనుకవైపు మెడ దగ్గర, నడుము దగ్గర నాడాతో బిగించే ఏర్పాటు ఉంటుంది. 19వ శతాబ్ది చివరి భాగంలో మెడ ఎత్తయి, పొడుగు చేతులు వచ్చాయి.

ఛాతీ కొలత కూడా ముఖ్యమే. గౌను ఇంత పొడవున్నా పైభాగం బొమ్మకు తొడిగేటంత చిన్నదిగా ఉంటే ఆశ్చర్యపోకండి. పూర్వం బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే జ్ఞానస్నానం ఇప్పించేవారు. నేడు ఆరు నెలల బిడ్డకు ఆ గౌను పట్టకపోవడానికి కారణం అదే. బలవంతంగా తొడిగితే చంకల దగ్గర చిరుగుతుంది.

మగబిడ్డా ఆడబిడ్డా అన్నది గౌను చూసి నిర్ణయించకండి. ఆ కాలంలో ఇద్దరికీ అదే గౌను.

6. బొత్తాలు

ముత్యపుచిప్ప బొత్తాలు, దారంతో చుట్టిన బొత్తాలు పాత గౌన్లలో కనిపిస్తాయి. ప్రెస్ బటన్లు పిల్లల బట్టల్లోకి సామాన్యంగా వచ్చింది 20వ శతాబ్ది మొదటి భాగంలో. జిప్పు 1930ల నుంచి. చర్రుమని ఊడే వెల్‌క్రో పట్టీకి పేటెంటు వచ్చింది 1955లో. కాని అన్నిటికంటే తరచుగా మార్చేది బొత్తాలనే. కనుక బొత్తాం కుట్టిన దారం, గౌను కుట్టిన దారం ఒకటేనా అని చూడండి. బొత్తాం కింద పాత సూది రంధ్రాలు వేరుగా కనిపిస్తే అది తర్వాత కుట్టిన బొత్తామే.

7. రంగును నమ్మకండి

"పచ్చబడింది కాబట్టి పాతది" అనే మాట తరచుగా వింటాం. ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండు రాణి విక్టోరియా పెద్ద కుమార్తె కోసం 1841లో స్పిటల్‌ఫీల్డ్స్ పట్టుతో, హానిటన్ లేసుతో ఒక జ్ఞానస్నాన గౌను కుట్టించారు. రాజకుటుంబంలో తరతరాల బిడ్డలకు 2004 వరకు దానినే తొడిగారు. బట్ట బలహీనపడటంతో దానిని భద్రపరచి, రాణి ఎలిజబెత్ దుస్తుల బాధ్యత చూసిన ఏంజెలా కెల్లీ చేత అచ్చం అలాంటిదే మరొకటి చేయించారు. 2008 నుంచి తొడుగుతున్నది ఆ కొత్త గౌను. దానికి పాత రంగు రావడానికి కెల్లీ బట్టను టీ నీళ్లలో ముంచారు. రాజభవనంలోనే టీ నీళ్లతో వందేళ్ల రంగు వచ్చినప్పుడు, దుకాణంలో రంగు చూసి ఎలా నమ్ముతాం?

తెల్లదనమూ అంతే. రెండవ ప్రపంచయుద్ధం తర్వాతి కాలపు సబ్బుపొడుల్లో బట్టను మెరిపించే రసాయనాలు కలుపుతున్నారు. నోట్లను పరీక్షించే ఊదారంగు దీపం కింద అవి నీలంగా మెరుస్తాయి. మెరిస్తే గౌను కొత్తదని కాదు. కొత్త సబ్బుతో ఉతికి ఉండవచ్చు.

8. లెక్క కట్టడం: ఒక అభ్యాసం

ఒక గౌను ఉందనుకుందాం. "మా ముత్తవ్వ కోసం 1890లో కుట్టారు" అని ఇంట్లో చెప్పుకుంటారు. బట్ట సన్నని నూలు. మడతలన్నీ చేతికుట్టు. పక్క అతుకులు మిషను కుట్టు. పొడవు మీటరుకు కొంచెం తక్కువ. అంచున నైలాన్ లేసు.

తొందరపడేవారు నైలాన్ చూసి "ముత్తవ్వ కథ అబద్ధం" అంటారు. మీరు భూతద్దం తీసుకోండి. నైలాన్ లేసు కుట్టిన చోట దాని కింద మరో వరుస పాత రంధ్రాలు కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు వేరే లేసు ఉండేదన్నమాట. అప్పుడు గౌను 1890 నాటిది కావడానికి అడ్డేమీ లేదు. 1945 తర్వాత ఎవరో తల్లి, చిరిగిన లేసు తీసి కొత్తది వేసి, తన బిడ్డకు తొడిగింది. అలా కాక పాత రంధ్రాలు లేకుండా, పక్క అతుకుల్లో కూడా నైలాన్ దారమే ఉంటే, గౌను 1938కి ముందుది కాదని ఒప్పుకోక తప్పదు.

అలా తేలితే బాధపడనవసరం లేదు. ముత్తవ్వ గౌను చిరిగిపోతే, దానిని చూసి అమ్మమ్మ కొత్తది కుట్టి ఉండవచ్చు. నిజం తెలిసినందువల్ల ఇంటి కథ చిన్నదైపోదు, అందులోకి మరొక తల్లి వచ్చి చేరుతుంది.

గౌను చెప్పినదానిని ఇతర సాక్ష్యాలతో పోల్చండి. జ్ఞానస్నాన వివరాలను, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లను పుస్తకంలో వ్రాయాలని త్రెంతు మహాసభ 1563లో ఆదేశించింది. మీ విచారణ గురువులను అడిగి ఆ వరుస చూడండి. పాత ఫోటో ఉంటే వెనుకవైపు ఫోటో స్టూడియో ముద్రను చూడండి. ఫోటోలో గౌను అంచు మీద మడతలెన్నో లెక్కపెట్టి, చేతిలోని గౌనుతో సరిపోల్చండి.

9. భద్రం చేయడం

బ్లీచింగు, వాషింగ్ సోడా, గంజి, నీలిమందు ఏదీ వద్దు. నూలు, నార గౌను గట్టిగా ఉంటే గోరువెచ్చని మెత్తని నీటిలో, తేలిక సబ్బుతో, పిండకుండా తడిపి తీసి, నీడలో పరచి ఆరబెట్టవచ్చు. నీళ్లలోంచి ఎత్తేటప్పుడు కింద ఒక నెట్ గుడ్డ ఉంచండి, తడిసిన బట్ట తన బరువుకే చిరుగుతుంది. పట్టు గౌనును ఇంట్లో ఉతకవద్దు. 19వ శతాబ్ది చివరిలో పట్టుకు బరువు రావడానికి లోహ లవణాలు పట్టించేవారు. అటువంటి పట్టు మడతల వెంట దానంతటదే పగులుతుంది.

గుండుసూదులు తీసివేయండి, తుప్పు మరక పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, మన వాతావరణానికి లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. అనేకసార్లు ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, మడతల్లో మెత్తని గుడ్డ చుట్టలు పెట్టండి. ఏడాదికొకసారి తీసి మడత మార్చండి. కలరా ఉండలు బట్టకు తగలకూడదు. గంజి పెట్టి దాచితే దానికోసం పురుగు చేరుతుందని మరువరాదు.

ఈ వారం చేయవలసినది

మీ ఇంట్లో అటువంటి గౌను ఉంటే ఒక కాగితం మీద పెన్సిలుతో నాలుగు విషయాలు వ్రాసి గౌనుతోపాటు ఉంచండి. మొదటిది, దానిని తొడుక్కున్న బిడ్డల పేర్లు, జ్ఞానస్నానపు తేదీలు. బతకని బిడ్డల పేర్లు తప్పక వ్రాయండి. రెండవది, కుట్టినవారు, లేసు అల్లినవారు, బాగుచేసినవారు. మూడవది, మీరు కళ్లారా చూసిన గుర్తులు. నాలుగవది, ఇంట్లో పెద్దలు చెప్పిన మాట. చూసినదీ విన్నదీ ఒకే పేరాలో కలపవద్దు. తర్వాతి తరంవారు ఏది సాక్ష్యమో, ఏది చెప్పుకున్న మాటో తెలుసుకోవాలి.

గౌను లేనివారు చిన్నబుచ్చుకోవద్దు. జ్ఞానస్నానానికి కావలసింది తెల్లని వస్త్రం, పాత వస్త్రం కాదు. మీ ఇంట తదుపరి జ్ఞానస్నానానికి సాదా నూలుబట్టతో, లోపల విడుపు ఉంచి ఒక గౌను కుట్టించండి. కుట్టినవారి పేరు, తేదీ కాగితం మీద వ్రాసి పెట్టండి. అరవై ఏళ్ల తర్వాత దానిని తీసి చూసేవారికి భూతద్దంతో పని ఉండదు.